సముద్రం లేని సీమలో తీరం చూసి రావడం ఎలా: గండికోట, బెలుం, నాపరాతి గనుల ఒక్కరోజు ప్రయాణం

మా ఇంటి వంటగట్టు కడప బండ. దాని మీద ఒక మూల అరచేతంత మచ్చ ఉంది. ఊరగాయకని నిమ్మకాయలు కోసిన రోజున రసం కారితే ఎవరూ తుడవలేదు. తెల్లారేసరికి నల్లగా నిగనిగలాడే బండ ఆ మేరకు మెరుపు పోయి, గరుకు తేలి, బూడిద రంగుకు తిరిగింది. ఎంత తోమినా పోలేదు. ఆ మచ్చ ఎందుకు పడిందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ బండ ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. పులుపు తగిలితే సున్నం కరుగుతుంది.

కడప, కర్నూలు, అనంతపురం వాసులం సముద్రం చూడాలంటే నెల్లూరుకో చెన్నైకో బస్సెక్కుతాం. మన కాళ్ల కింద మాత్రం ఒకటి తర్వాత ఒకటిగా వచ్చి వెళ్లిన పాత సముద్రాలున్నాయి. వాటి ఇసుక, బురద రాయిగా మారి మన కొండలై నిలిచాయి. ఆ రాతిని తవ్వి, చీల్చి, మోసి తరతరాలుగా ఇక్కడి ఊళ్లు బతికాయి. గండికోట అంచు, బెలుం గుహలు, కొలిమిగుండ్ల నాపరాతి గనులు, చివర తాడిపత్రి: ఈ నాలుగూ ఒక్కరోజులో చూసి రావచ్చు. చాలామంది గండికోటకు వెళ్లి ఫొటో దిగి వచ్చేస్తారు. అక్కడి రాతిని ఎలా చూడాలో తెలిసి వెళ్తే ఆ రోజు జన్మలో మరచిపోరు. ఎలా వెళ్లాలో, ఎక్కడ ఏం చూడాలో వరుసగా చెబుతాను.

ముందు రోజు చేసుకోవాల్సిన పనులు

నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రోజు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. గండి అంచున చెట్టు నీడ ఉండదు. పది గంటలకే రాయి పెనంలా కాలుతుంది.

ముందు రోజు సాయంత్రానికి జమ్మలమడుగు చేరి అక్కడే పడుకోవడం మంచిది. కడప నుంచి బస్సులున్నాయి. గండికోటలోనే పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది, గది దొరికితే ఇంకా నయం. రైల్లో వచ్చేవారు ముద్దనూరులో దిగి రోడ్డు మీద రావచ్చు. రోజంతా తిరగడానికి సొంత వాహనం గాని, మాట్లాడుకున్న కారు గాని ఉండాలి. బస్సుల్ని నమ్ముకుంటే నాలుగు చోట్లు ఒక్కరోజులో పూర్తి కావు.

సంచిలో పెట్టుకోవాల్సినవి: మనిషికి మూడు లీటర్ల నీళ్లు, టోపీ, జారని అడుగున్న బూట్లు, టార్చి, ముక్కుకు కట్టుకోవడానికి పలుచని గుడ్డ లేదా మాస్కు. వీటితో పాటు రెండు నిమ్మకాయలు, ఒక ఇనుప మేకు. చివరి రెండూ మరచిపోవద్దు, రోజంతా వాటితో పని ఉంది.

చీకటితోనే గండి అంచుకు

జమ్మలమడుగు నుంచి గండికోట దాదాపు 15 కిలోమీటర్లు. సూర్యోదయానికి అరగంట ముందు కోట లోపల ఉండేలా బయలుదేరండి. కోట గోడ దాటి, ఊరు దాటి, గుడి, మసీదుల వైపు బండి ఆపి, టార్చి వెలుగులో మెల్లగా నడవండి. రాళ్ల గుట్టల మధ్య దారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎదురుగా గండి. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుంటూ వెళ్లిన చోటు ఇది. ఊరికి ఆ పేరు వచ్చింది కూడా ఈ గండి వల్లే.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అంచున చాలాచోట్ల కంచె లేదు. రాళ్లు పెద్ద పెద్ద పెట్టెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. గట్టిగా కనిపించే పెట్టె కూడా కింద ఆనిక లేకుండా వేలాడుతూ ఉండవచ్చు. అంచుకు రెండు మనుషుల పొడవు దూరంలో ఆగండి. ఇంకా ముందుకు చూడాలనిపిస్తే కూర్చుని చూడండి. ఫోను పట్టుకుని వెనక్కి అడుగులు వేయకండి. పిల్లల చేయి వదలకండి. మంచు పడిన ఉదయం, వాన వెలిసిన రోజు ఆ రాయి సబ్బులా జారుతుంది.

వెలుతురు వచ్చాక ఎదుటి గోడను చూడండి. అడ్డంగా గీసినట్టు పొరలు కనిపిస్తాయి. అవే పరుపులు. ఒక్కొక్క పరుపు ఒకప్పుడు పరుచుకున్న ఇసుక. ఆ పొరల్ని నిలువు బీటలు కోస్తున్నాయి. అడ్డంగా పొర, నిలువుగా బీట, రెండూ కలిసే చోట రాయి చతురస్రంగా విడిపోతుంది. ఈ గోడల్ని తాపీవాడు కట్టినట్టు చేసింది ఆ రెండు గీతలే. బీటల్లోకి నీరు దిగి, వేరు దూరి, ఒక్కో పెట్టె ఊడి లోయలో పడుతుంది. గండి అలా ఇంకా వెడల్పవుతూనే ఉంది.

రాతి మీద అలలు

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. దీనికి గంట సేపు కేటాయించండి.

సూర్యుడు బాగా కిందుగా ఉన్నప్పుడు అంచు నుంచి వెనక్కి వచ్చి, మట్టి లేని బల్లపరుపు బండల మీద మెల్లగా నడవండి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు కొన్ని బండల మీద వరసగా చిన్న చిన్న మిట్టలు, పల్లాలు తేలతాయి. మధ్యాహ్నం నిలువెండలో అదే బండ మామూలు రాయిలా ఉంటుంది, నీడ లేక ఏదీ కనబడదు. అందుకే చీకటితో రమ్మన్నది.

దొరికిన చోట మోకాళ్ల మీద కూర్చుని వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి. వేలికి వేలికి మధ్య ఒక మిట్ట తగులుతుంది. నెల్లూరు దగ్గరి మైపాడు సముద్రపు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నడిచినప్పుడు పాదం కింద తగిలే ఇసుక గీతలు గుర్తున్నాయా? అవే ఇవి. మిట్టకు రెండు వైపులా వాలు సమంగా ఉంటే నీరు ముందుకూ వెనక్కూ ఊగిన చోటు, అంటే అలల పని. ఒక వైపు వాలుగా, ఒక వైపు నిటారుగా ఉంటే నీరు ఒకే దిక్కుకు పారింది. నిటారు వైపు ఏ దిక్కును చూపిస్తుందో ఆ దిక్కుకే ఆనాటి ప్రవాహం వెళ్లింది. మీరు నిలబడ్డది లోతు తక్కువైన తీరపు నీళ్లలో పరుచుకున్న ఇసుక మీద.

ఇప్పుడు మేకు తీయండి. నేల మీద ఊడి పడి ఉన్న చిన్న ముక్క ఒకటి తీసుకుని గట్టిగా గీయండి. కోట గోడల మీద, గీతలున్న బండల మీద మాత్రం వద్దు. రాయికి గాటు పడదు. పైగా మేకు ఇనుమే అరిగి రాయి మీద సన్నని మెరిసే గీతగా అంటుకుంటుంది. నిమ్మరసం పిండినా ఏమీ జరగదు. ఇసుక రేణువులు కరిగి అతుక్కున్నంత గట్టిగా బిగిసిన రాయి ఇది. భూగర్భ శాస్త్రంలో దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. మన ఊరి పేరు ఒక శిలకు పేరైంది.

వయసు ఊహకు అందడానికి ఒక్క లెక్క చాలు. పులివెందుల దగ్గర ఈ రాతి వరసల్లో కాస్త కింది పొరల మధ్యకు కరిగిన నల్లరాయి చొచ్చుకువచ్చి గడ్డకట్టింది. శాస్త్రవేత్తలు దాని వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని లెక్కగట్టారు. అంటే ఆ నాటికే ఇక్కడ సముద్రం వచ్చి చాలా కాలమైంది. అప్పటికి చేప లేదు, నేల మీద గడ్డిపరక లేదు. ఈ పొరలన్నీ పరుచుకున్న పళ్లెం లాంటి ప్రాంతాన్ని కడప బేసిన్ అంటారు. నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది.

కోటను రాయి వైపు నుంచి చూడండి

తిరిగి వచ్చేటప్పుడు కోటకు గంటన్నర చాలు. కల్యాణి చాళుక్యుల సామంతుడు 1123లో ఇక్కడ కోటకు పునాది వేశాడని చెబుతారు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. ధాన్యాగారం, జామా మసీదు, మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, రాయల చెరువు, వీటన్నిటినీ ఒకే చుట్టులో చూడవచ్చు. గోడను దగ్గరగా చూడండి. ఇందాక గండిలో చూసిన ఎర్రటి పెట్టెలే ఇక్కడ వరసకట్టాయి. రాయి ముందే చతురస్రంగా విడిపోయి దొరికితే కోట కట్టేవాడికి సగం పని అయిపోయినట్టే.

గనుల చరిత్రకు ఈ కోటతో సంబంధం ఉంది. గోల్కొండ సుల్తాను తరఫున దీన్ని పట్టుకున్న మీర్ జుమ్లాకు వజ్రాల గనుల మీద అపారమైన ఆదాయం ఉండేది. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు.

తొమ్మిదిలోపు కిందికి దిగి జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ తినేసి బయలుదేరండి.

లారీల దారిలో బెలుంకు

గండికోట నుంచి బెలుం సుమారు 60 కిలోమీటర్లు. ఈ దారిలో సిమెంటు, సున్నపురాయి, బండలు మోసే లారీలు వరసగా ఉంటాయి. ముందు వెళ్లే లారీ మీద బండలు నిలువుగా నిలబెట్టి తాడుతో కట్టి ఉంటే దాని వెనకాలే అంటుకుని వెళ్లకండి.

కిటికీలోంచి నేల రంగు మారడం గమనించండి. ఎర్రటి కొండలు వెనకబడి, నల్లరేగడి చేలు మొదలవుతాయి. ఆ చేల కింద బూడిద రంగు రాయి. ఇది రెండో సముద్రం. గండికోట ఇసుక పరుచుకుని, రాయై, పైకి లేచి, అరిగిపోయిన ఎన్నో కోట్ల ఏళ్లకు మళ్లీ నీళ్లు వచ్చాయి. ఈసారి ఇసుక కన్నా సున్నపు బురద ఎక్కువగా పేరుకుంది. ఈ రాళ్లకు కర్నూలు సమూహం అని పేరు.

బెలుం లోపల

బెలుం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. పాత కర్నూలు జిల్లా కొలిమిగుండ్ల మండలం అంటే అందరికీ తెలుస్తుంది. పది గంటలకు టికెట్లు మొదలవుతాయి. చేరగానే ఆలస్యం చేయకుండా దిగండి, మధ్యాహ్నానికి లోపల ఉక్క ఎక్కువవుతుంది.

కొండ ఎక్కుతామనుకుని వచ్చినవారు ఇక్కడ తడబడతారు. గుహ చదును నేల కింద ఉంది. చేల మధ్య నూతుల్లాంటి మూడు గుంతలు, నడిమి గుంతలోంచి మెట్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవవచ్చు. 2002లో పర్యాటక శాఖ దీపాలు, దారులు వేసి జనానికి తెరిచింది.

లోపల ముందుగా పైకప్పు చూడండి. చాలాచోట్ల సున్నం పూసిన మిద్దెలా చదునుగా ఉంటుంది. గండికోటలో చూసిన పరుపు గుర్తు తెచ్చుకోండి. ఇక్కడ నీరు ఒక పరుపును కరిగించి, పై పరుపు అడుగును కప్పుగా వదిలేసింది. వాన నీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పుల్లనవుతుంది. ఆ పులుపు బీటల్లోంచి దిగి సున్నపురాయిని తిన్నది. మా వంటగట్టు మీద నిమ్మరసం ఒక రాత్రిలో చేసిన పనిని ఇక్కడ వాన నీరు యుగాల పాటు చేసింది.

తర్వాత గోడల్ని చూడండి. మెలికలు తిరిగిన దారుల్లో గోడలు మనిషి భుజాల ఎత్తున నున్నగా, కుమ్మరి చేతిలో కుండ లోపలిలా గుండ్రంగా ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడ నీరు నిండుగా పారిందనడానికి అదే గుర్తు. కోటిలింగాలు, వేయి పడగలు, ఊడలమర్రి అనే పేర్లున్న చోట్ల దీనికి తిరగబడ్డ పని కనిపిస్తుంది. కరిగిన సున్నం చుక్క చుక్కగా రాలి మళ్లీ రాయైంది. సప్తస్వరాల గుహలో రాతి ఊడల్ని తడితే సంగీతంలా మోగుతాయని అందరూ చెబుతారు. దయచేసి తట్టకండి. లక్షల చేతులు తట్టితే విరుగుతాయి, విరిగినది మన జీవితకాలంలో పెరగదు. చేతి చెమట, నూనె అంటినా అక్కడ కొత్త సున్నం పట్టదు.

పాతాళగంగ దగ్గర నేల మట్టం నుంచి 46 మీటర్ల లోతుకు దిగుతారు. అక్కడ చిన్న నీటి పాయ రాతిలోకి మాయమవుతుంది. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ఆ మెట్ల దాకా వెళ్లకుండా పై గదుల్లో కూర్చోవడం మంచిది. గొట్టాల ద్వారా లోపలికి గాలి పంపుతారు, ఆ గొట్టాల నోటి దగ్గర ఆగి ఊపిరి తీసుకోండి.

రెండు గంటలు చాలు. బయటికి వచ్చాక నీళ్లు తాగి, భోజనం చేసి, ఎండ తగ్గేదాకా నీడన కూర్చోండి.

నాపరాతి గనుల దగ్గర

బెలుం చుట్టూ, కొలిమిగుండ్ల మండలమంతా రోడ్డుకు రెండు వైపులా బూడిద రంగు దిబ్బలు కనిపిస్తాయి. బండ తీయగా మిగిలిన రాతి ముక్కలవి. గని అంటే భూమిలోకి సొరంగం అనుకుంటారు కొత్తవారు. నాపరాతి గని ఆకాశం కప్పుగా ఉన్న పెద్ద గొయ్యి. మెట్లు మెట్లుగా దిగుతుంది. ప్రతి మెట్టూ ఒక పరుపు.

పని జరిగే గనిలోకి చెప్పకుండా అడుగు పెట్టవద్దు. గట్టు దగ్గర బండి ఆపి, అక్కడున్న మేస్త్రీని అడగండి. "అన్నా, రాయి ఎలా తీస్తారో చూద్దామని వచ్చాం, ఇక్కడ నిలబడి చూడవచ్చా?" అంటే చాలు. ఎక్కువమంది సంతోషంగా చూపిస్తారు. ఒప్పుకోకపోతే రోడ్డు మీది నుంచే చూసి వెళ్లిపోండి. పేలుళ్లు జరిగే గనుల వైపు అసలు వెళ్లకండి. పనివాళ్ల ఫొటో తీసే ముందు వారిని అడగండి.

నేను చూసిన పని ఇలా సాగింది. గడ్డపార మొనను ఇద్దరు మనుషులు రెండు పరుపుల సందులో దూర్చారు. ఒకరు సమ్మెటతో మెల్లగా కొట్టారు, గట్టిగా కొడితే బండ అడ్డంగా పగులుతుంది. సందు గోరంత తెరుచుకుంది. ఇంకో గడ్డపార పక్కన దూర్చారు. ఇద్దరూ ఒకే ఊపులో బరువు వేసేసరికి మంచమంత బండ కింది పొరను వదిలి లేచింది. దాని అడుగు నున్నగా, తడి నేలను ఎత్తినట్టు ఉంది. అప్పుడు పెద్దాయన సుత్తితో దాని మీద నాలుగు చోట్ల తట్టి విన్నాడు. ఖంగుమంటే నికార్సయిన బండ. మొద్దుగా మోగితే లోపల ఎక్కడో బీట ఉంది, అది పక్కకు పోతుంది. ఇప్పుడు చాలాచోట్ల కోత యంత్రాలు వచ్చాయి. చెవితో రాయిని పరీక్షించడం మాత్రం పోలేదు.

దిబ్బ మీది ముక్క ఒకటి అడిగి తీసుకోండి. మేకుతో గీయండి. తెల్లటి గీత పడి, పొడి రాలుతుంది. ఆ పొడి మీద నిమ్మరసం రెండు చుక్కలు పిండి కళ్లు దగ్గర పెట్టి చూడండి. సన్నని బుడగలు లేస్తాయి. ఉదయం గండికోట ముక్క మీద ఏమీ జరగలేదు కదా. అక్కడ తీరపు ఇసుక, ఇక్కడ సముద్రపు అడుగు. తేడా మీ చేతిలోనే తెలిసింది. కడప బండకు నలుపు రంగు ఆ బురదలో కలిసిపోయిన కర్బనం వల్ల వచ్చింది.

దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. మీరు అక్కడ ఉండేది అరగంట. అక్కడ పని చేసేవారు రోజంతా, ఏళ్ల తరబడి ఆ దుమ్ములో ఊపిరి తీస్తారు. మన ఇంటి గట్టు, అలమర అర, మిద్దె కప్పు, పశువుల తొట్టి, చేను గట్టున పాతిన రాతి కూసం అన్నీ వారి భుజాల మీదుగా వచ్చినవే. వీలైతే కాసేపు కూర్చుని వారి మాట వినండి. పరుపుకు, రంగుకు, మందానికి వారికి ఉన్న పేర్లు రాసుకోండి. అవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

తాడిపత్రి మీదుగా ఇంటికి

బెలుం నుంచి తాడిపత్రి 30 కిలోమీటర్లు. ఊరి శివార్లలో పాలిష్ ఫ్యాక్టరీలు వరసగా ఉంటాయి. గరుకు బండ నీళ్ల కింద అరిగి నల్లటి అద్దంలా బయటికి వచ్చేది ఇక్కడే. వెలుతురు ఉండగానే పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వర ఆలయానికి వెళ్లండి. పూర్తికాని గోపురాల మీద ముదురు రంగు గట్టిరాయిలో చేసిన చెక్కడం చూస్తే ఉదయం నుంచి చూసిన మూడో రకం రాయి ఇదని మీకే తెలుస్తుంది. సమయం మిగిలితే చింతల వెంకటరమణ స్వామి ఆలయం కూడా చూడండి. కారు లేనివారికి తాడిపత్రి నుంచి ముద్దనూరు, ఎర్రగుంట్ల మీదుగా కడపకు రైలు మార్గం ఉంది. రైలు వేళలు ముందే చూసి పెట్టుకోండి.

ఇంకో రోజు చేతిలో ఉంటే

తాడిపత్రిలో ఆగిపోయి, మరునాడు బనగానపల్లె వెళ్లండి. ఈ రెండో సముద్రం నేల మీదికి పాకి వస్తున్నప్పుడు దాని అంచుల్లో పోగుపడిన గులకరాళ్ల పొర అక్కడ బయటపడుతుంది. బండల వరసలన్నిటికీ అట్టడుగున ఉన్న పొర అదే. అందులో వజ్రాలున్నాయి. పాతకాలపు గనివాళ్లు పైనున్న గట్టి రాతిని గోతులుగా తొలిచి కిందికి దిగి, ఆ పలుచని గులకరాళ్ల పొర వెంట పక్కకు పాకుతూ తవ్వారు. కూర్చోవడానికి కూడా చాలనంత ఎత్తులో, నూనె దీపం వెలుగులో. ఆ పాత గోతుల దగ్గరకు ఊరివాళ్ల తోడు లేకుండా వెళ్లకండి, గడ్డి కప్పిన నోళ్లు కనబడవు.